కాల్వ కట్ట మీద ఒక్క అంగుళం: జీపుకు పెద్ద టైర్ల కోసం మూడు ఊళ్ళు

ముందుగా ఒక పుకారును సరిదిద్దాలి. నా జీపు సాగర్ కాల్వలో పడిందనీ, ట్రాక్టరుతో బయటికి లాగించాక ఇక స్టీరింగు పట్టనని నేను ఒట్టు పెట్టుకున్నాననీ, పొలాన్ని మా తమ్ముడి కొడుకు శ్రీనివాస్‌కు కౌలుకిచ్చి జీపు కూడా అతనికే అప్పగించాననీ సూర్యాపేటలోని మా బంధువులు చెప్పుకుంటున్నారు. ఇందులో ట్రాక్టరు ఒక్కటే నిజం. జీపు కాల్వలో పడలేదు. మాడుగులపల్లి దగ్గర నా నాలుగెకరాలకు వెళ్ళే కాల్వ కట్ట మీద, ట్రాక్టర్ల చక్రాలు చేసిన రెండు లోతైన గాడుల మధ్య, కడుపు నేలకు ఆనించి గంటన్నర సేపు కూర్చుంది. నాలుగు చక్రాలూ తిరిగాయి గాని బండి కదలలేదు. నేను లోపలే కూర్చుని ఫ్లాస్కులోని టీ తాగాను. ఒట్లు పెట్టుకునే అలవాటు నాకు లేదు.

రెండేళ్ళ కిందట హైదరాబాదులో ఒక దుకాణంవారు ఈ జీపును రెండంగుళాలు లేపారు. ఇక ఏ దారికైనా తిరుగుండదని చెప్పారు. స్ప్రింగుల దగ్గర దిమ్మెలు పెట్టి లేపితే బండి శరీరం లేస్తుంది. చక్రాలను కలిపే ఇరుసూ, ఇరుసు మధ్యలో ఉబ్బినట్టు ఉండే హౌసింగూ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. నేలకు ఆనేది ఆ హౌసింగే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ సగమే: టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక్క అంగుళం లేస్తుంది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. కట్ట మీద కూర్చున్న గంటన్నరలో నేనే వేసుకున్నాను. ట్రాక్టరు బండిని లాగాక మట్టిలో హౌసింగు దున్నిన చాలును స్కేలు పెట్టి కొలిచాను. ముప్పావు అంగుళం లోతుంది. విత్తన పరీక్షా కేంద్రంలో ముప్పై ఏళ్ళు పనిచేసినదాన్ని. సంచి మీద కట్టిన చీటీని నమ్మకుండా, గొట్టం గుచ్చి లోపలి గింజ తీసి చూడటమే నా ఉద్యోగం. లేపిన బండి విషయంలో చీటీని నమ్మి మోసపోయాను. రెండోసారి మోసపోదలచుకోలేదు.

నాకు డెబ్బై రెండేళ్ళు. నిరుడు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తర్వాతే వైద్యుని ధ్రువపత్రంతో లైసెన్సు పొడిగించుకున్నాను. నాట్ల రోజుల్లో ఆ కట్ట మీదికి బస్సు రాదు, ఆటో రాదు. జీపు ఆగిపోతే నా సేద్యం ఆగిపోతుంది. ఈ సంగతి నాకెంత తెలుసో శ్రీనివాస్‌కూ అంతే తెలుసు. సూర్యాపేటలో ధాన్యం వ్యాపారం చేస్తాడు. ట్రాక్టరు కబురు వినగానే ఇంటికి వచ్చాడు.

"ఇగ చాలు అత్తమ్మా. పొలం నేను జూసుకుంట. జీపు నా కాడ వెట్టు. నీకు ఏడికన్న పోవాలంటే డ్రైవర్ను పంపుత."

"డ్రైవరు వచ్చేదాకా ఎదురుచూసే తీరిక నాకు లేదు" అన్నాను.

వారం తిరిగేసరికి అతని ధోరణి మారింది. పెద్ద టైర్లు వేయించుకోవలసిందేనని తానే అన్నాడు. సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, రెండు దుకాణాల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. "మనోళ్ళే, నా పేరు జెప్పు" అన్నాడు. అడగకుండా వచ్చిన సాయాన్ని అనుమానించాలని నాకు తెలుసు. అనుమానించాను కూడా. అయితే ఆ దుకాణాల అమ్మకంలో అతనికి వాటా ఉందేమో అన్నంతవరకే నా ఊహ పోయింది.

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు సూర్యాపేట దుకాణానికి చేరాను. బైపాసు పక్కన పెద్ద దుకాణం, అద్దాల వెనుక మెరిసే అల్లాయ్ చక్రాలు. యజమాని కుర్చీలోంచి లేవకుండానే పలకరించాడు.

"కూసోండి మేడమ్. గా సైజు ఇప్పుడు వస్తలేదు. కంపెనీయే బంద్ జేసింది."

"ఏ సైజు?"

"గదే మేడమ్, మీరు అడిగేది."

"నేనింకా అడగలేదు."

అతను చేతిలోని ఫోను వైపు చూశాడు, బయట నిలిపిన జీపు వైపు మాత్రం చూడలేదు. అమ్ముకునేవాడు బండిని చూడకుండా బేరం ముగించడం నేను ఎక్కడా ఎరుగను. టీ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. ఆ పూటకు దాన్ని బద్ధకమని అనుకుని కోదాడ దారి పట్టాను.

ఈ దారిలో వెళ్ళదలచినవారికి చెప్పవలసింది పెద్దగా లేదు. విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి, నలభై అయిదు కిలోమీటర్లు, తాపీగా నడిపినా గంట. కోదాడ పొలిమేరలో ఒక బండి దగ్గర నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను. పల్లీల చట్నీ బాగుంది. పదిన్నరకు రెండో దుకాణంలో ఉన్నాను. యజమాని నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఎదురొచ్చి కుర్చీ వేశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు.

"అమ్మగారూ, ఆ సైజు రావట్లేదండి. కంపెనీ వాళ్ళే ఆపేశారు."

మాండలికం మారింది గాని వాక్యం అదే. నేను ఏమీ అనకుండా కూర్చున్నాను. మౌనంగా ఉంటే ఎదుటివారు తమంతట తామే ఇంకో మాట కలుపుతారు. అతనూ కలిపాడు.

"ఈ ఎండలో ఎందుకండి మీకు శ్రమ. కళ్ళ ఆపరేషనైన వాళ్ళు దుమ్ములో తిరక్కూడదు కదండి."

"నా కళ్ళ సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"ఊరికే అనుకున్నానండి."

"ఊరికే అనుకునేవాళ్ళు మోకాళ్ళు అనుకుంటారు. మీరు కళ్ళే ఎందుకు అనుకున్నారు?"

అతను తల వంచుకున్నాడు. "మీ మేనల్లుడు గారు పొద్దున్నే ఫోన్ చేశారండి. సైజు లేదని చెప్పి పంపెయ్యమన్నారు. పెద్దావిడకి ఏదన్నా అయితే ఆ పాపం టైర్లు వేసినోడిదేనన్నారు. తప్పుగా అనుకోకండి. మా అమ్మైనా నేను అదే చేద్దునండి."

"మీ అమ్మగారికి బండి నడపడం వచ్చా?"

"రాదండి."

"అయితే మీకు ఆ అవసరం రాదు."

ఇక ఎటు వెళ్తారని అడిగాడు. ఇంటికేనని చెప్పాను. నేను బండి ఎక్కేలోపే అతని చేతిలోకి ఫోను వచ్చింది. సూర్యాపేట వైపు కొంతదూరం పోయి, అతని చూపు దాటాక వెనుదిరిగి హుజూర్‌నగర్ దారిలోకి మళ్ళాను. అబద్ధం చెప్పినందుకు పశ్చాత్తాపం లేదు. రెండు ఊళ్ళలో నాకు చెప్పిన అబద్ధానికి అది బదులు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ అరవై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు బాగానే ఉన్నా ధాన్యం లారీలు ఎక్కువ, గంటన్నర పైనే పట్టింది. మూసీ వంతెన దగ్గర బండి ఆపి ఫోను చూశాను. శ్రీనివాస్ నాలుగుసార్లు ఫోను చేసి ఉన్నాడు. నేను తిరిగి చేయలేదు. మిర్యాలగూడలో నాకు తెలిసిన దుకాణం ఒక్కటీ లేదు, అందుకే ఆ ఊరు ఎంచుకున్నాను. నాకు తెలియని దుకాణం అతనికీ తెలియదు.

మిల్లుల వరుస మొదలుకాగానే గాలిలో తవుడు వాసన వస్తుంది. ఆ వరుస చివర, లారీ టైర్లు కుప్పలుగా పడి ఉన్న ఒక రేకుల షెడ్డు ముందు ఆగాను. మెరిసే చక్రాలేవీ లేవు. యాభై దాటిన మనిషి, పేరు సైదులు, నన్ను పలకరించక ముందే జీపు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. ఉదయం నుంచి నా బండిని చూసిన మొదటి మనిషి అతనే.

"ఎవలమ్మా గిట్ల లేపింది?" కిందినుంచే అడిగాడు. "పైన లేపిండు, కింద సూడలే."

"ముప్పై మూడు అంగుళాల టైర్లు వేయాలి."

"ముప్పై మూడు ఎందుకమ్మా? గుట్టలెక్కుతవా?"

"కాల్వ కట్ట ఎక్కుతాను."

"గట్లయితే ముప్పై ఒకటి సాలు. ముప్పై మూడు ఏస్తే తిప్పినప్పుడల్ల మడ్గార్డుకు గీకుతది. రేకు కోయాలె. ఇంజన్ గుంజది, బ్రేకు సక్కగ ఆగది. కోయమంటే కోస్త, నాదేం బోయింది."

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా పాత టైర్లు ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి వేస్తే ఇరుసు లేచేది ఒక్క అంగుళం, నాకు కావలసింది ముప్పావు. లెక్క నాదే, కొలతా నాదే. అయినా ముప్పై మూడు అడిగాను. ట్రాక్టరుతో లాగించుకున్న కట్ట మీద తలెత్తుకుని పోవాలన్న పంతం తప్ప దానికి కారణం లేదు. అయితే ఆ క్షణంలో నేను నన్ను అనుమానించలేదు, సైదులును అనుమానించాను. ముప్పై ఒకటివి అమ్ముడుపోక మిగిలాయేమో అనుకున్నాను. కంపెనీవారు ఇదే జీపు పై రకానికి ఆ సైజే ఇస్తున్నారని నా దగ్గరున్న పుస్తకంలో చూసుకున్న తర్వాతే సరేనన్నాను. బీమావారితో పేచీ రాకుండా ఉండాలన్నా ఆ హద్దులోనే ఉండటం మంచిది.

టైర్లు ఎదురుగా ఉన్న గోదాము నుంచి వచ్చాయి, అదనపు చక్రంతో కలిపి అయిదు. ప్రతి టైరు పక్కగోడ మీద ఒక చిన్న గుండ్రని గీతలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. సంచిలోంచి భూతద్దం తీసి అయిదూ చదివాను. మూడు ఈ ఏడాదివి. రెండు నాలుగేళ్ళ నాటివి, పైన నల్లని మెరుగు పూసి కొత్తవాటిలా తయారుచేసినవి.

"ముప్పై ఏండ్ల సంది గీ పని జేస్తున్న" అన్నాడు సైదులు. "గీ నంబరు సదివినోళ్ళు పది మంది గూడ లేరమ్మా."

"చదవనివాళ్ళకు ఇవి వెళ్తున్నాయన్నమాట."

"నాకెందుకమ్మా గా మాట. గోదామోడు ఇచ్చిండు, నేను తెచ్చిన." ఆ రెండింటినీ దొర్లించుకుంటూ తానే రోడ్డు దాటి, వేరేవి తెచ్చి నా ముందు పెట్టి, నేను చదివేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వడ్లు కొననీకె వచ్చినోళ్ళ లెక్కనే ఉన్నవ్."

చక్రాల విషయంలో అల్లాయ్ వద్దని, ఇనుప రిమ్ములు తీసుకోమని చెప్పాడు. బండరాయి తగిలితే ఇనుము వంగుతుందనీ సుత్తితో సరిచేయవచ్చనీ, అల్లాయ్ పగిలితే ఇక పారవేయడమేననీ అన్నాడు. అవి చవకైనవి కనుక ఆ మాటను అనుమానించే పని పడలేదు. అయిదు టైర్లు, అయిదు రిమ్ములు, బిగింపు కూలితో కలిపి తొంభై వేలకు కొంచెం లోపే అయింది.

నాలుగు చక్రాలూ బిగించాక అసలు కథ జరిగింది. పక్క మిల్లు నుంచి ఇద్దరు హమాలీలు తోపుడు బండి మీద బియ్యం సంచులు తెచ్చి నా జీపు వెనుక భాగంలో వేయసాగారు. పాతిక కిలోల సంచులు, ఒకటి తర్వాత ఒకటి పదహారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా బండిని ఉచితంగా సరుకు రవాణాకు వాడుకోబోతున్నారని అర్థం చేసుకున్నాను. బండి తాళంచెవి తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను.

"ఈ బియ్యం ఏ ఊరికి?"

"ఏ ఊరికీ లేదమ్మా."

"నాది కిరాయి బండి కాదు సైదులూ. దించండి."

"అమ్మా, ఖాళీ బండి అబద్ధం జెప్తది. లారీలకు గూడ మేం గిట్లనే సూస్తం. లోడు వడ్డంక స్ప్రింగు కూసుంటది. గప్పుడు టైరు ఏడ తగుల్తదో ఎరుకైతది. ఖాళీగ జూసి పంపితే రేపు గా కట్ట మీద నువ్వు నన్నే తిడ్తవ్."

నేను నమ్మలేదు. హమాలీలలో పెద్దవాడు నడుం పట్టుకుని నా వైపు తిరిగాడు. "మల్ల దించేది గూడ మేమే అమ్మా. గీయనకు రోజూ గిదే పని, మాకు రోజూ గిదే తిప్పల. జర తాళం ఇయ్యి, మా పని ఖతం అయితది."

"తాళం ఆమె కాడనే ఉండనియ్యి" అన్నాడు సైదులు. "అమ్మా, నువ్వే కూసోని తిప్పు."

అతను కొత్త టైర్ల అంచులకు సుద్ద బాగా పూశాడు. ఒక ముందు చక్రం ఎత్తైన మొద్దు మీదికి ఎక్కించమన్నాడు. ఎక్కించాను. స్టీరింగు కుడివైపు చివరిదాకా, తర్వాత ఎడమవైపు చివరిదాకా, ముందుకూ వెనుకకూ. రెండో చక్రాన్నీ మొద్దెక్కించి మళ్ళీ అంతా చేయించాడు. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు చివరిదాకా తిప్పి వెనుకకు పోతున్నప్పుడు చిన్న గీకుడు వినిపించింది. దిగి చూస్తే ఎడమ మడ్గార్డు లోపల, వెనుక మూలన, వేలెడంత తెల్లని చార. ఖాళీ బండితో చూసి ఉంటే ఆ చార పడేది కాదు. ముప్పై మూడు వేసి ఉంటే అక్కడ టైరే కోసుకుపోయేది. స్టీరింగు ఎంతవరకు తిరగాలో ఆపే బోల్టును సైదులు కొద్దిగా బయటికి తిప్పాడు. బండి మలుపు తీసుకోవడానికి ఇప్పుడు మునుపటికన్న కాస్త ఎక్కువ జాగా కావాలి, గీకుడు మాత్రం లేదు. నేను క్షమాపణ చెప్పలేదు. సంచులు దించాక హమాలీలిద్దరి కూలీ నేనే ఇచ్చాను. అది అర్థమైనట్టే సైదులు నవ్వాడు.

అప్పుడే ఫోను మళ్ళీ మోగింది. చూసి లోపల పెట్టాను.

"ఎవలమ్మా, గన్నిసార్లు ఫోన్ జేస్తున్నరు?"

"మా తమ్ముడి కొడుకు. నేను బండి నడపకూడదని దుకాణాలన్నిటికీ చెప్పి పెట్టాడు."

"ఆయన వద్దంటే ఆగుతవా?"

"ఆగను."

"గట్లయితే మంచి టైర్ల మీదనే నడుపు." స్పానరు కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. ఉదయం నుంచి అందరినీ నేను చూస్తున్న చూపు అది. "గని ఒక మాట. పెద్ద చక్రం ఆగనీకె బ్రేకు జర ఎక్కువ తొక్కాలె. నీ కాలు బలం నేను సూడాలె. గా రెండు లారీల నడుమ నుంచి వెనుకకు పోయి, నేను చెయ్యి లేపంగనే ఆపు."

నాకు కోపం రావలసింది. రాలేదు. బండి కింద దూరి చూసినవాడు నడిపేవారిని కూడా చూస్తానంటే, అది పనివాడి మర్యాద. ఇరువైపులా మూరెడు సందు కూడా లేదు. అద్దాలు చూసుకుంటూ వెనుకకు పోయాను. అతని చెయ్యి లేవగానే తొక్కాను. నిజమే, కాలికి బరువు తెలిసింది. బండి ఆగింది. సైదులు వెళ్ళి నట్లన్నీ మరోసారి బిగించాడు. వెళ్ళేటప్పుడు చెప్పాడు: "నూరు కిలోమీటర్లు తిరిగినంక నట్లు మల్ల ఒకసారి టైట్ జేయించు. నా కాడికే రావాలని లేదు, ఎవలతోనన్న జేయించు." నా కాడికే రావాలని లేదన్న ఆ మాటతో అతని మీద నాకున్న ఆఖరి అనుమానం పోయింది.

మూడున్నరకు, పక్క వీధిలో చక్రాల అలైన్‌మెంటు చూపించుకుని, నల్లగొండ రోడ్డు మీదుగా మాడుగులపల్లి బయలుదేరాను. చక్రం పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది. అరవై చూపినప్పుడు మనం అరవై నాలుగులో ఉంటామని గుర్తుంచుకోవాలి. నాలుగుంపావుకు కట్ట ఎక్కాను. అదే చోట, అవే గాడులు. వేగం తగ్గించి, అద్దం దించి, చెవి బయట పెట్టి నడిపాను. మధ్య దిబ్బ మీది గరిక హౌసింగుకు రాసుకున్న చప్పుడు వినిపించింది. మట్టి తగిలిన చప్పుడు లేదు. దాటాక దిగి వెనుకకు నడిచి చూశాను. గరిక వాలి ఉంది, మట్టి మీద గీత లేదు. పొలంలో నాట్లు వేస్తున్నవారు తలెత్తి చూశారు, మళ్ళీ వంగారు.

ఆరున్నరకు ఇల్లు చేరేసరికి శ్రీనివాస్ గేటు దగ్గర ఉన్నాడు. టైర్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏడ ఏపిచ్చినవ్ అత్తమ్మా?"

"నువ్వు ఫోను చేయని చోట."

అతను గేటు గొళ్ళెం వైపు చూస్తూ, "నీకేమన్న అయితదని నా పరేషాన్" అన్నాడు. అది అబద్ధం కాదు. నాలుగెకరాల మీద అతనికి ఆశ లేదన్నదీ నిజం కాదు. రాళ్ళు వేరు, గింజలు వేరు చేసినట్టు ఆ రెండింటి పాళ్ళను వేరు చేసి తూచే సాధనం నా దగ్గర లేదు. టీ తాగి వెళ్ళమన్నాను. తాగి వెళ్ళాడు.

ఆ రోజు నన్ను ప్రేమతో కుర్చీలో కూర్చోబెట్టినవారు నాకు అబద్ధం చెప్పారు. నన్ను పలకరించకుండా బండి కిందికి దూరినవాడు నిజం చెప్పాడు. నేను మాత్రం నా చేతిసంచిలో తాళం దాచుకున్నది ఆ రెండోవాడి నుంచే. అనుమానం మంచి పనిముట్టే గాని, గొట్టాన్ని ఏ సంచిలో గుచ్చాలో అది చెప్పదు. లేపిన బండికి పెద్ద టైర్లు వేయించుకోబోయేవారికి నా సలహా ఒక్కటే: డబ్బు చెల్లించే ముందు బండిలో నాలుగు వందల కిలోల బరువు వేయించి, టైర్లకు సుద్ద పూయించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా మీరే తిప్పి చూడండి.

ఇక పుకారు సంగతి. స్టీరింగు వదిలే రోజు నాకు ఉంది. దాన్ని నేను మిర్యాలగూడలో, భూతద్దం చేతిలో ఉండగానే నిర్ణయించాను. ఈ టైర్లకు తయారైన వారం నుంచి ఆరేళ్ళు ఆయుష్షు ఇచ్చాను. అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది. ఈలోగా బ్రేకు మీద కాలు బలం తగ్గితే, ఆ సంగతి మొదట తెలిసేది నాకే. ఆ వారం వచ్చిన నాడు ఆరో టైరు కొనను, తాళం నేనే ఇచ్చేస్తాను. ఎవరికన్నది కూడా నిర్ణయమైంది. శ్రీనివాస్ ఇది చదువుతాడు కనుక పేరు రాయడం లేదు. విత్తన సంచికి కట్టినట్టే తాళపుగుత్తికి ఒక చీటీ కట్టి, గడువు తేదీ నా చేత్తో రాసి పెట్టుకున్నాను.